గబ్బిలము, గుఱ్ఱము, మనుష్యుడు

లోకమున వ్యాధులు పెక్కులు గలవు. కలరా, మశూచి, ప్లేగు మొదలగునవి మన పూర్వుల కాలమున ఊళ్లకూళ్లను పాడుచేసినవి. వానితో బోల్చి చూచినచో మేమిప్పుడు ప్రస్తావింపబూనిన వ్యాధి మిక్కిలి స్వల్పమైనదిగా గనబడును. ఇది మొట్టమొదట బయలుపడిన 1994వ సంవత్సరము మొదలుకొని దీని వాతబడినట్లు నిర్ధారణయైన మనుష్యులు ఏడుగురు మాత్రమే. వారిలో నలుగురు మరణించిరి. ఆస్ట్రేలియా దేశమున దప్ప మఱి యెందును ఇది కనబడియుండలేదు. దీనిని హెండ్రా వ్యాధి యందురు.

ఏడుగురికి మాత్రమే సోకిన వ్యాధినిగూర్చి, అందును సముద్రముల కావలనున్న దేశపు వ్యాధినిగూర్చి, మన పాఠశాల సంచికలో వ్రాయుట యెందులకని కొందఱడుగవచ్చును. వ్యాధియొక్క గౌరవము చచ్చినవారి లెక్కనుబట్టి మాత్రమే యేర్పడదని మా ప్రత్యుత్తరము. ఒక్కొక్క చిన్నవ్యాధి పెద్దపాఠమును నేర్పును. హెండ్రా వ్యాధి నేర్పు పాఠము మూడు ప్రాణులకు సంబంధించినది. దీనికి కారణమగు వైరసు గబ్బిలమునుండి గుఱ్ఱమునకును, గుఱ్ఱమునుండి మనుష్యునకును వచ్చుచున్నది. ఈ గొలుసును ఎచ్చట తెంపవలెను? ఇదియే ప్రశ్న. గబ్బిలములను జంపి తెంపవలెనని కొందఱందురు. అది తప్పనియు, గుఱ్ఱమునొద్ద తెంపుట గుఱ్ఱమును పెంచువాని విధియనియు, గబ్బిలమునకు దాని యడవిని విడిచిపెట్టుట సర్వజనుల విధియనియు మా యభిప్రాయము. ఇందుకు గల కారణములను క్రమముగా విన్నవింతుము.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు అను రాష్ట్రమునకు ముఖ్యపట్టణము బ్రిస్బేను. ఆ పట్టణమునందలి యొక పేటకు హెండ్రా యని పేరు. అది గుఱ్ఱపుపందెములకు ప్రసిద్ధిగన్న చోటు. 1994వ సంవత్సరము సెప్టెంబరు నెలలో విక్ రెయిల్ అను శిక్షకుని గుఱ్ఱపుశాలకు ఒక చూడిగుఱ్ఱమును వ్యాధితోనుండగా దెచ్చిరి. దాని పేరు డ్రామా సిరీస్. అంతకుముందు అది కానన్ హిల్ అను చోట పచ్చికబయలున మేయుచుండెను. అది మేత ముట్టక, ఊపిరి యాడక, రెండు దినములలో జచ్చెను. రెయిలును, ఆతని శాలలో పనిచేయు నొకడును దానిని దగ్గఱనుండి సాకిరి. మేత తినని గుఱ్ఱమునకు రెయిల్ తన చేతులతో నోటికందించి తినిపింప యత్నించెను. పిమ్మట కొలది దినములలో ఆ శాలయందలి తక్కిన గుఱ్ఱములును వరుసగా జబ్బుపడజొచ్చెను. పదికి మించిన గుఱ్ఱములు మరణించెను. సాకిన మనుష్యులిద్దఱును జ్వరపడిరి. పనివాడు కోలుకొనెను. రెయిల్ ఊపిరితిత్తులును మూత్రపిండములును చెడి మరణించెను.

ఇది యేమి రోగమో యెవ్వరికిని దెలియదయ్యెను. విషమని కొందఱు, ఆఫ్రికాదేశపు గుఱ్ఱపుజబ్బని కొందఱు శంకించిరి. జీలాంగు నగరమున నున్న పశురోగ పరిశోధనశాలవారు కొలది వారములలోనే ఇది యంతకుముందు లోకమెఱుగని క్రొత్త వైరసని కనుగొనిరి. తట్టును గలిగించు వైరసునకు ఇది జ్ఞాతియని తలంచి, మొదట దీనికి గుఱ్ఱములకు సంబంధించిన తట్టు వైరసను నర్థముగల పేరిడిరి. తరువాత అది వేఱొక శాఖకు జెందినదని తేలగా, బయలుపడిన పేటను బట్టి హెండ్రా వైరసని పిలువజొచ్చిరి.

ఇంతకంటె వింతయైన విషయము మఱియొకటి గలదు. హెండ్రాలో గుఱ్ఱములు చచ్చుటకు నెలదినములకు ముందే, అనగా ఆ సంవత్సరము ఆగస్టులో, అక్కడికి బహుదూరమున ఉత్తరమున నున్న మెకాయి పట్టణపు ప్రాంతమున రెండు గుఱ్ఱములు చచ్చియుండెను. వాని కళేబరములను గోసి పరీక్షించుటలో ఒక రైతు సాయపడెను. ఆతనికి కొంత జబ్బుచేసి నయమయ్యెను. అందఱును దానిని మఱచిరి. పదునాలుగు నెలలు గడచిన పిమ్మట, 1995వ సంవత్సరము అక్టోబరులో, ఆతనికి మెదడువాపు కలిగి మరణించెను. పరీక్షింపగా ఆతని శరీరమున హెండ్రా వైరసు కనబడెను. నివుఱుగప్పిన నిప్పువలె ఆ వైరసు ఏడాదికి పైగా మనుష్యుని దేహమున దాగియుండెనన్నమాట. అంత మెలకువతో చూడవలసిన శత్రువిది.

గుఱ్ఱమునకు ఈ వైరసు ఎక్కడనుండి వచ్చెను? హ్యూమ్ ఫీల్డ్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును, ఆతని తోడివారును ఎలుకలను, పక్షులను, అడవిమృగములను పలువిధములగు ప్రాణులను పరీక్షించిరి. తుదకు 1996వ సంవత్సరమున పండ్లను దిను పెద్దగబ్బిలములయందు దాని జాడ కనబడెను. ఆస్ట్రేలియాలో ఇట్టి పెద్దగబ్బిలములు నాలుగు జాతులున్నవి. వానికి ఈ వైరసు వలన జబ్బు కలుగదు. అవి దానిని మూత్రముతో విసర్జించును. గబ్బిలములు వ్రాలు చెట్టు క్రింద గుఱ్ఱము మేసినచో, తడిసిన పచ్చికతో పాటు వైరసును దాని లోనికి బోవును. ఐదు మొదలు పదునాఱు దినములలో గుఱ్ఱమునకు జబ్బు కనబడును. కొన్నిటికి ఊపిరాడదు, ముక్కుల నురుగు వచ్చును. కొన్ని తూలిపడును, దిక్కు తెలియక తిరుగును. జబ్బుపడిన గుఱ్ఱములలో నూటికి డెబ్బదియైదు వఱకు మరణించును. చిహ్నములు కనబడుటకు ముందే గుఱ్ఱము తన యూపిరితోను, చొంగతోను వైరసును విడువ నారంభించును.

ఇచ్చట చదువరులొక విషయమును శ్రద్ధతో గమనింపవలెను. ఇంతవఱకు రోగమునకు లోనైన ఏడుగురిలో గబ్బిలమునుండి నేరుగా వ్యాధి తెచ్చుకొన్నవాడొక్కడును లేడు. ఒక మనుష్యునినుండి మఱియొక మనుష్యునకు వచ్చినట్లు నిదర్శనమును లేదు. గబ్బిలములను జేరదీసి, గాయములు గట్టి, చేతులతో పాలు త్రాగించి పెంచు దయాశీలురు ఆ దేశమున పలువురున్నారు. అట్టివారిని నూటికి పైగా పరీక్షించిరి. ఒక్కనియందైనను ఈ వైరసు సోకిన జాడ కనబడలేదు. ఏడుగురికిని రోగము గుఱ్ఱమునుండియే వచ్చెను. ఆ ఏడుగురెవరు? గుఱ్ఱమును సాకిన శిక్షకుడు, ఆతని పనివాడు, కళేబరపరీక్షకు సాయపడిన రైతు, 2004వ సంవత్సరమున అట్టి పరీక్షయే చేసి జబ్బుపడి కోలుకొన్న పశువైద్యుడు, 2008వ సంవత్సరమున బ్రిస్బేను చెంతనున్న రెడ్‌లాండ్సు చికిత్సాలయమున గుఱ్ఱములకు వైద్యముచేసిన వైద్యుడును ఆయనకు సాయపడిన నర్సును, 2009వ సంవత్సరమున రాక్‌హాంప్టను ప్రాంతమున మఱియొక పశువైద్యుడు. 2008 నాటి నర్సు బ్రదికెను, వైద్యుడు బ్రదుకలేదు. 2009 నాటి వైద్యుడును బ్రదుకలేదు.

ఈ పట్టికను చదివిన యెవ్వరికైనను ఒక సంగతి తోపక మానదు. వీరిలో పందెపుడబ్బుకై మైదానమున గూడిన వేలకొలది జనులలో నొక్కడును లేడు. గుఱ్ఱమునెక్కి వినోదించినవాడును లేడు. జబ్బుపడిన జంతువు చెంత నిలిచి, దాని నోటిని తుడిచి, దాని బాధకు కారణము వెదకినవారే యిందున్నారు. అనగా ఈ వ్యాధి సేవచేయువారిని పట్టి చంపు వ్యాధి. కావున దీనినుండి సేవకులను గాపాడు భారము ఆ సేవను బొందువారిపై నున్నదని మేము చెప్పుచున్నాము. తన గుఱ్ఱమునకు జబ్బు చేసినప్పుడు వైద్యుని పిలుచు హక్కు యజమానునికి గలదు. కాని ఆ వైద్యుడు తన పిల్లలయొద్దకు క్షేమముగా తిరిగిపోవునట్లు చూచు విధియు ఆయనకే గలదు.

ఇక గబ్బిలములను జంపవలెనను వాదమును విచారింతము. 2011వ సంవత్సరమున క్వీన్స్‌లాండునందును, న్యూ సౌత్ వేల్సునందును కొలది నెలలలో పదునెనిమిది చోట్ల గుఱ్ఱములకు ఈ జబ్బు పొడసూపెను. ఒక పొలమున కుక్కయందును వైరసు సోకిన గుఱుతు కనబడెను. ప్రజలు భయపడిరి. భయము గలిగినప్పుడు మనుష్యునకు కారణముకంటె దోషి ముందు కావలసివచ్చును. గబ్బిలములను గాల్చివేయుడు, వాని గూండ్లున్న చెట్లను నఱకుడు, పొగపెట్టి తఱుముడు అను కేకలు బయలుదేఱెను. ఎలుకలపై కోపముతో ఇంటికి నిప్పుపెట్టుకొన్న వాని కథ మనవారెఱిగినదే. ఈ యుపాయము అట్టిది.

ఎట్లన, మొదటి కారణము: ఈ గబ్బిలములు ఒక్కచోట నిలుకడగ నుండునవి కావు. ఒక్క రాత్రిలో అనేక మైళ్లు తిరుగును. ఋతువును బట్టి వందల మైళ్లు పోవును. ఇచ్చట చంపిన చోటికి వేఱొక చోటినుండి మఱికొన్ని వచ్చి చేరును. తఱిమినవి చెదరి క్రొత్త పల్లెల చెట్లపై వ్రాలును. రోగమును గూటినుండి లేపి దేశమునంతటను చల్లినట్లగును.

రెండవ కారణము: ఆస్ట్రేలియా అడవులలో విస్తారముగా నున్నవి యూకలిప్టసు జాతి చెట్లు, మనవారు వానిని నీలగిరి చెట్లందురు. వాని పువ్వుల తేనె ఈ గబ్బిలములకు ముఖ్యాహారము. తేనె త్రాగునపుడు వాని బొచ్చునకంటిన పుప్పొడి ఒక చెట్టునుండి బహుదూరముననున్న మఱియొక చెట్టును చేరును. తాము దినిన పండ్ల గింజలను అవి దూరముగా వెదజల్లును. తేనెటీగ పగలు చేయుపనిని ఇవి రాత్రి, ఇంకను పెద్ద కొలతలో చేయుచున్నవి. గబ్బిలము లేనిచో అడవి క్షీణించును. ఆ నాలుగు జాతులలో నెఱతల గబ్బిలమును, కండ్లజోడు గబ్బిలమును ఇప్పటికే క్షీణించుచున్నవని ఆ దేశపు ప్రభుత్వము చట్టముచే వానిని రక్షించుచున్నది.

మూడవ కారణము అన్నిటికంటె ముఖ్యమైనది. పెగ్గీ ఈబీ, అలిసన్ పీల్, రైనా ప్లోరైట్ మొదలగు శాస్త్రజ్ఞులు ఇరువదియైదేండ్ల లెక్కలను గూర్చి 2022వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనయే అది. క్వీన్స్‌లాండు ఆగ్నేయభాగమున శీతకాలమున పూచు చెట్లు కొన్ని జాతులు మాత్రమే గలవు. వ్యవసాయమునకును, ఇండ్లకును ఆ యడవులను మనుష్యులు నఱకివేసిరి. పూర్వము పెద్దగుంపులుగా పూవుల వెంట దేశాటనము చేయుచుండిన గబ్బిలములు, ఆహారము దొఱకక చిన్నచిన్న గుంపులుగా విడిపోయి, ఊళ్ల చెంతకు వచ్చి, తోటలలోను, గుఱ్ఱములు మేయు బయళ్లలోనున్న చెట్లపైనను స్థిరపడెను. పూతలేని కఱవు సంవత్సరము దాటిన శీతకాలమున రోగము గుఱ్ఱములకు దిగుచుండెను. మిగిలియున్న యడవి శీతకాలమున విరివిగా పూచినప్పుడో, గబ్బిలములు ఊళ్లను విడిచి యడవికి బోయెను. అట్టి శీతకాలములలో రోగము దిగలేదు.

చదువరులారా, దీనినిబట్టి తేలిన దేమి? గబ్బిలము మనయింటికి తనంతట తాను రాలేదు. దాని యిల్లు మనము కూల్చితిమి గనుక వచ్చెను. ఇల్లు కోల్పోయి వాకిట నిలిచినవానిని దొంగయని కొట్టుట న్యాయముకాదు. బుద్ధిమంతుల లక్షణమును గాదు. చెట్లను నాటుట, శీతకాలమున పూచు అడవులను నిలుపుట, ఇవియే ఈ గొలుసునకు మొదటి కొసయొద్ద వేయదగిన కట్టుబాట్లు. ఇది నేడు మొదలుపెట్టినను ఫలించుటకు ఏండ్లు పట్టును. అందుచేత రెండవ కొక్కెము, అనగా గుఱ్ఱము, మన దృష్టికి వచ్చును.

2012వ సంవత్సరము నవంబరున గుఱ్ఱములకు హెండ్రా టీకా వాడుకలోనికి వచ్చెను. జీలాంగు పరిశోధనశాలవారును, అమెరికాలోని శాస్త్రజ్ఞులును గలసి చేసిన కృషికి ఫలమది. అందు బ్రదికియున్న వైరసు లేదు. వైరసుపై పొరయందలి యొక మాంసకృత్తు మాత్రమే యున్నది. కావున టీకావలన రోగము కలుగు ననుమాట లేదు. టీకా పొందిన గుఱ్ఱములకు ప్రయోగశాలలో ప్రాణాంతకమగు మోతాదున వైరసు నిచ్చి చూచిరి. అవి జబ్బుపడలేదు. మొదట కొన్ని వారముల యెడముతో రెండు మోతాదులు, ఆఱు నెలలకు మఱియొకటి, పిమ్మట సంవత్సరమున కొకటి చొప్పున వేయింపవలెను. మనుష్యులకు మాత్రము ఈ వ్యాధికి టీకా యింకను వాడుకలో లేదు. రోగమంటినదని భయపడిన కొందఱికి 2010వ సంవత్సరము మొదలు ప్రయోగశాలలో సిద్ధపఱచిన ప్రతిరక్షక ద్రవ్యమును ఇచ్చిరి గాని, అది సర్వత్ర దొఱకు మందు గాదు. అనగా మనుష్యునికి గల రక్షణ గుఱ్ఱము మెడకు గ్రుచ్చిన సూదియందే యున్నది.

ఇట్లుండియు, ఆ దేశమున గుఱ్ఱములను బెంచు వారిలో పెక్కుమంది టీకా వేయింపకున్నారు. వారి యాక్షేపణలను వినకుండ తోసివేయుట ధర్మము కాదు. టీకాకు ఖర్చగునని మొదటి మాట. పెక్కు గుఱ్ఱములున్నవారికి అది నిజముగా బరువే. టీకా తరువాత తమ గుఱ్ఱములకు వాపు, నొప్పి, అస్వస్థత కలిగెనని రెండవ మాట. ఇట్టి ఫిర్యాదులతో కొందఱు న్యాయస్థానమునకుం బోయిరి. 2022వ సంవత్సరమున ఆ వ్యాజ్యము కొట్టివేయబడెను. టీకా పొందిన గుఱ్ఱమును కొన్ని దేశములవారు తమ దేశమునకు రానీయరని మూడవ మాట; అమ్మకమునకు గుఱ్ఱములను బెంచువారికి ఇది నష్టకరమే. ఇక నాలుగవది, అన్నిటికంటె తఱచుగా వినబడునది: ఇంత యరుదుగా వచ్చు జబ్బునకు ఇంత యాయాస మెందులకని.

ఈ నాలుగవ మాటకు మా సమాధానము గట్టిగా జెప్పెదము. అరుదుగా వచ్చునది గదా యని యజమానుడు లెక్కవేయునపుడు, ఆ లెక్కలో తన గుఱ్ఱమును మాత్రమే జూచుచున్నాడు. వేయి గుఱ్ఱములలో ఒక్కటైన జబ్బుపడదు గదా యని వాని వాదము. కాని పశువైద్యుని లెక్క వేఱు. ఆయన బ్రదుకెల్ల జబ్బుపడిన గుఱ్ఱముల నడుమనే గడచును. ఊపిరాడని ప్రతి గుఱ్ఱమును, తూలు ప్రతి గుఱ్ఱమును ఆయనయొద్దకే వచ్చును. వేయింటిలో నొకటి యగు ఆ గుఱ్ఱము ఏనాటికైనను నిలుచు వాకిలి ఆయనదే. ఇతరులు తలకొక చిటికెడు మోయవలసిన యపాయమును మూటగట్టి యొక్కని నెత్తిన బెట్టుట యెట్టి న్యాయము? ఆ దేశమున కొందఱు పశువైద్యులు టీకాలేని గుఱ్ఱములకు వైద్యము చేయమని నిశ్చయించుకొనిరి. గుఱ్ఱముల వైద్యమునే మానుకొన్నవారును గలరు. వారిని పిఱికివారని నిందించుటకు మాకు నోరాడదు. వైద్యుడు లేకపోయినచో నష్టపడునది గుఱ్ఱమును, దాని యజమానుడును.

ఖర్చునుగూర్చియు నొక మాట. పేదవానికి భారమైనచో ప్రభుత్వము సాయపడుట యుక్తము. పందెములవలన లాభపడు సంఘములును సాయపడవచ్చును. వాపు, నొప్పి మొదలగువానిని నిష్పక్షపాతముగా విచారించి ఫలితములను బహిరంగముగా బ్రకటించుట అధికారుల విధి. సంశయించువాని నోరు మూయించుటవలన నమ్మకము పుట్టదు. ఓపికతో నుత్తర మిచ్చుటవలన పుట్టును. కాని ఈ విచారణలన్నియు ముగియువఱకు వైద్యుడు వట్టిచేతులతో నిలువవలెననుట మాత్రము సమ్మతింపదగినది కాదు.

మూడవ కొక్కెము మనుష్యుడే. ఇక్కడ జేయవలసినవి ఖర్చు తక్కువైన పనులు. గుఱ్ఱముల మేతతొట్టిని, నీళ్లతొట్టిని చెట్టు క్రింద నుంచక కప్పు క్రింద నుంచవలెను. పూచిన చెట్లును, పండిన చెట్లును గలచోట, ముఖ్యముగా రాత్రివేళ, గుఱ్ఱములను మేయ విడువరాదు. జబ్బుపడిన గుఱ్ఱమును తక్కినవానినుండి వేఱుచేసి, వైద్యుడు వచ్చువఱకు దానిని ముట్టరాదు. ముట్టక తప్పనిచో చేతితొడుగులు, ముఖమునకు ముసుగు, కండ్లకు అద్దములు ధరింపవలెను. పిదప సబ్బుతో చేతులు కడుగవలెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని లాభములేదు. పరీక్షాఫలము వచ్చువఱకు ప్రతి గుఱ్ఱమును హెండ్రా వ్యాధిగల దానివలెనే యెంచి మెలగుమని అనుభవజ్ఞులు చెప్పుచున్నారు.

ఇదంతయు పరదేశపు మాట. మనకేమి పనియని యడుగువారికి మఱియొక సంగతి జెప్పవలసియున్నది. హెండ్రా వైరసునకు తోబుట్టువొకటి గలదు. దాని పేరు నీపా. 1998, 1999 సంవత్సరములలో మలేషియా దేశమున అది గబ్బిలములనుండి పందులకును, పందులనుండి మనుష్యులకును వచ్చి నూఱుమందికి పైగా జంపెను. పందులదొడ్లచెంతనే పండ్లచెట్లు నాటుటచే గబ్బిలములు కొఱికి విడిచిన పండ్లు దొడ్లలో పడెను. అచ్చటను గొలుసు ఇట్టిదే. మన భారతదేశమున 2001వ సంవత్సరమున బెంగాలు రాష్ట్రపు సిలిగురిలో నీపా కనబడెను. 2018వ సంవత్సరమున కేరళయందలి కోళికోడు ప్రాంతమున పదునేడుగురు మరణించిరి. వారిలో పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో రోగులకు సేవచేసిన లినీ యను నర్సు ఒకతె. అచ్చటను సేవచేసిన చేయియే బలియైనది. అటుపిమ్మట కేరళలో అది పలుమాఱులు తలయెత్తినది. నీపా మనుష్యునినుండి మనుష్యునకును వ్యాపించును గనుక హెండ్రాకంటె భయంకరమైనది.

మన తెలుగు పల్లెలలో చింతచెట్లపైనను, మఱ్ఱిచెట్లపైనను తలక్రిందులుగా వ్రేలాడు పెద్దగబ్బిలములను చూడని బాలుడుండడు. వానిని జూచి అపశకునమని రాళ్లు రువ్వుట కొందఱికి వేడుక. ఆ గబ్బిలమునే మన జాషువా మహాకవి 1941వ సంవత్సరమున ప్రకటించిన కావ్యమున ఒక నిరుపేద యస్పృశ్యుని మొఱను పరమేశ్వరుని కందించు దూతగా నిలిపెను. అందఱును వెలివేసిన మనుష్యునకు అందఱును వెలివేసిన పక్షి తోడయ్యెను. శాస్త్రము గబ్బిలమును పక్షి యనక క్షీరదమనును. అది వేఱు మాట. అట్టి ప్రాణిని భయముచేత నిర్మూలింపజూచుట తెలుగు వారికి తగదని మా మనవి.

విద్యార్థులారా, మీరు చేయదగిన పనులు కొన్ని గలవు. గబ్బిలములుండు చెట్లమీదికి రాళ్లు రువ్వకుడు. వానిని తాకను తాకకుడు. దూరమునుండి చూచుట మర్యాదయు, క్షేమమును. చిలుకయో గబ్బిలమో కొఱికిన పండును తీపిదని తినుట మనవారి యలవాటు, దానిని మానుడు. నేలరాలిన పండ్లను కడిగి, చెక్కు దీసి, మచ్చలేనివి మాత్రమే తినుడు. తలిదండ్రులారా, తాడిచెట్టుకును ఈతచెట్టుకును కట్టిన కుండలపై మూతలు గాని తడికలు గాని కప్పించుడు. బంగ్లాదేశమున ఖర్జూరజాతి చెట్ల నీటిని గబ్బిలములు తాకుటచే నీపా వచ్చుచున్నదని తేలియున్నది. మీ పశువులకు వేయవలసిన టీకాలను ఖర్చనియో, తీరికలేదనియో దాటవేయకుడు. మీ పశువును ముట్టు వైద్యునకును, మీ పాకను శుభ్రముచేయు పనివానికిని చేతితొడుగులు సిద్ధముగా నుంచుడు. ఆసుపత్రులలో పనిచేయు వారికి వలయు సాధనములను అడిగినప్పుడు గాక అడుగకముందే యిచ్చుట పెద్దల ధర్మము.

గబ్బిలమునకు అడవి, గుఱ్ఱమునకు టీకా, మనుష్యునకు జాగరూకత. ఈ మూటిలో ఏదియు చంపుటతో గూడినది కాదు. అన్నియు కాపాడుటతో గూడినవే. ఆస్ట్రేలియాలో మరణించిన యా నలుగురును జబ్బుపడిన మూగజీవమును విడిచి పాఱిపోలేదు. వారి తరువాత వచ్చు వైద్యులు ఆ మూగజీవములయొద్ద నిర్భయముగా నిలువగలిగినప్పుడే మనము వారి ఋణమును కొంత తీర్చుకొన్నవారమగుదుము.